ఈస్ట్‌ను చంపింది కరెంటా, క్లోరినా? (నాలుగో వారం)

రాత్రి పదకొండున్నరకు మైక్రోస్కోప్ లైటు ఆపేశాను కానీ నిద్ర పట్టలేదు. "కరెంటు పెడితే ఈస్ట్ చస్తోంది" అని నెల రోజులుగా నోట్‌బుక్‌లో రాసుకున్నదంతా తప్పేమోనని ఒకటే టెన్షన్.

సెటప్ పాతదే. 0.9 శాతం ఉప్పునీళ్లు 20 మిల్లీలీటర్లు, 3 సెంటీమీటర్ల ఎడంగా రెండు కార్బన్ కడ్డీలు, 9 వోల్టుల బ్యాటరీ, రెసిస్టర్‌తో 10 మిల్లీఆంప్స్‌కి కుదించి అరగంట. మిథిలీన్ బ్లూ (చచ్చిన కణాలకే నీలం పట్టే రంగు) వేసి చూస్తే వంద కణాల్లో 64 నీలం. కరెంటు లేని గ్లాసులో 4. ఒక జంట ఇంకా కళ్లలోనే ఉంది: తల్లి కణం ముదురు నీలంగా మారిపోయింది, దాన్ని అంటిపెట్టుకున్న మొగ్గ మాత్రం గాజుపూసలా తేటగా ఉంది.

నిన్న వరస మార్చాను. ఉత్త ఉప్పునీళ్లకే అరగంట కరెంటు పెట్టి, వైర్లు పీకేసి, ఆ తర్వాత ఈస్ట్ కలిపాను. 61 నీలం! వాటికి కరెంటు తగలనే లేదు. గ్లాసు దగ్గరికి వంగితే స్విమ్మింగ్ పూల్ వాసన, అంటే ఉప్పులోని క్లోరైడ్ నుంచి పుట్టిన క్లోరిన్. ప్లస్ కడ్డీ పక్కన పెట్టిన పీహెచ్ పేపర్ ముందు ఎర్రబడింది (ఆమ్లం గుర్తు), కాసేపటికి రంగే పోయింది. ఆమ్లం పనేమోనని నిమ్మరసంతో పీహెచ్ 3 చేసి చూశాను, 6 మాత్రమే చచ్చాయి. 10 మిల్లీఆంప్స్ అరగంట అంటే 18 కూలంబ్‌లు (పారిన మొత్తం విద్యుత్తు కొలత). అదంతా క్లోరిన్ అయితే లీటరుకు 300 మిల్లీగ్రాముల పైనే, తాగునీటికి 0.2 చాలు! పైగా క్లోరిన్ మిథిలీన్ బ్లూ రంగును కూడా పోగొడుతుంది, కాబట్టి అసలు చచ్చినవి నా లెక్క కన్నా ఎక్కువే అయ్యుండాలి.

1965లో మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బృందానికి ఎదురైన చిక్కూ ఇలాంటిదే. కరెంటు పెడితే ఈ.కోలి బ్యాక్టీరియా విడిపోవడం మానేసి పొడుగాటి దారాల్లా పెరిగింది. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం. అక్కణ్ణుంచే క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ వచ్చింది. అది చదివిన నేనే ఈస్ట్ లేని నీళ్లకు కరెంటు పెట్టి పోల్చే ఈ కంట్రోల్ పెట్టడానికి నాలుగు వారాలు తీసుకోవడం బాధగా ఉంది.

ఆ తర్వాత క్లోరిన్ ఈస్ట్‌ను చేరకుండా కడ్డీలను వేరే గ్లాసుల్లో పెట్టి, చైనా గ్రాస్ (అగర్ జెల్లీ) నింపిన ట్యూబులతో ఈస్ట్ గ్లాసుకు వంతెనలు కట్టాను. నీలం 7కి పడింది కానీ కరెంటు కూడా 0.5 మిల్లీఆంప్స్‌కి పడిపోయింది. 15 సెంటీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల బోరు ఉన్న ట్యూబు కదా. బతికింది క్లోరిన్ లేకనా, కరెంటు చాలకనా? తేల్చలేను.

స్టీలు స్పూన్లు మాత్రం ఎవరూ వాడకండి, లోహం కరిగి నీళ్లలో కలుస్తుంది. ఎర్ర ఎవరెడీ సెల్‌లోని కార్బన్ కడ్డీయే నాకు నచ్చింది, మట్టి కలిసిన పెన్సిల్ ములుకు కన్నా చాలా నయం.

ఈస్ట్ సంగతి అలా ఉంటే, గడ్డి నానబెట్టిన నీళ్లలోని పారమీషియం (ఈదే ఏకకణ జీవి) మాత్రం కరెంటు పెడితే మొదటిసారికే మైనస్ వైపు బారులు తీరింది.

ఆదివారం 8 మిల్లీమీటర్ల ట్యూబుతో 5 సెంటీమీటర్ల వంతెనలు కడతాను, లెక్కకు 5 మిల్లీఆంప్స్ దాటాలి. కడ్డీల గ్లాసుల్లో ఉప్పు బదులు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేస్తాను, క్లోరైడ్ లేకపోతే క్లోరిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్పుడు కూడా నీలం పెరిగితే, పది నిమిషాలకోసారి ప్లస్ మైనస్‌లు తిప్పి చూడాలి.