పెన్నుతో గీసిన హద్దు

ఆదివారం. కుడి మోకీలు మార్పిడి జరిగి నేటికి 11 వారాలు.

తెల్లవారుజామున దుప్పటి అంచు మోకాలికి తగిలి మెలకువ వచ్చింది. కోత నొప్పి చాలావరకు తగ్గింది, ఇంట్లో చేతికర్ర లేకుండానే తిరుగుతున్నాను, మోకాలు 110 డిగ్రీల వరకు వంగుతోంది. కానీ కోతకు బయటివైపున అరచేతిలో సగమంత చోటు గిల్లినా తెలియదు. ఆ మొద్దుబారిన చోటి అంచుకే మెత్తని నూలుగుడ్డ రాసుకుంటే నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంటుంది. స్పర్శే లేని చోట ఇంత మంట ఎలా పుడుతుందో తెలియక, ఆపరేషన్‌లో ఏదో పొరపాటు జరిగిందేమోనని మొదటి నెలంతా ఎవరికీ చెప్పకుండా భయపడ్డాను.

ఆరో వారం చెకప్‌లో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తొడ లోపలివైపు నుంచి దిగే సఫీనస్ నరానికి చెందిన సన్నని కొమ్మ ఒకటి చిప్ప కిందుగా బయటివైపుకు అడ్డంగా సాగుతుందట. మోకాలి నడుమ నిలువుగా కోత పెట్టినప్పుడు అది తెగకుండా కాపాడడం చాలా కష్టమట. అది చర్మానికి స్పర్శనిచ్చేదే తప్ప కండరాన్ని కదిలించేది కాదు గనుక నడకకు లోటు రాదు. తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున చిగురిస్తుందని, ఆ లేత కొసల అలజడే ఈ జివ్వుమనడం, ఈ చీమలు పాకడమని, కొంత మొద్దు శాశ్వతంగా మిగిలిపోవచ్చునని కూడా దాచకుండా చెప్పారు. పాదం పైకి లేవకపోతే మాత్రం అది వేరే నరం సంగతి, ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ఈ నాలుగు మాటలూ ఆపరేషన్‌కు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఎన్నో రాత్రుల నిద్ర దక్కేది.

టిఫిను తరువాత ఫిజియోథెరపీ అబ్బాయి నేర్పినట్టు మొదట దూదితో, తరువాత నూలు తువ్వాలుతో, చివర గరుకు టవలుతో పది నిమిషాలు రుద్దుకున్నాను. "మంట పుడుతుంటే ఎందుకే ఆ పని?" అన్నారు మావారు. "గుడ్డ తగిలినా నిప్పు కాదని దానికి అలవాటు చేయాలండీ" అన్నాను. స్నానానికి నీళ్ల వేడి చేత్తో చూసుకుని మరీ పోసుకున్నాను. పోయిన నెల వేడినీళ్ల సంచి పెట్టుకుని, కాలుతున్నట్టు తెలియక, బొబ్బ లేచేదాకా ఉంచేశాను. అప్పటినుంచి దాని జోలికి పోలేదు.

మధ్యాహ్నం పక్కింటి వదినగారు వచ్చారు. వచ్చే నెల ఆవిడకూ ఇదే ఆపరేషన్. ఎన్ని రోజులకు నడవవచ్చునని మాత్రమే అడిగారు కానీ, నేను చీర కుచ్చెళ్లు పైకి తీసి మొద్దుబారిన చోటును చూపించి, ఇది వస్తుందని, వచ్చినప్పుడు బెంగపడవద్దని, వేడి కాపడం మాత్రం పెట్టుకోవద్దని చెప్పాను. ఆవిడ వేలితో తాకి చూసి, "నిజంగానే తెలియడం లేదా వదినా?" అని రెండుసార్లు అడిగారు.

రాత్రి నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ మాత్ర వేసుకోవడానికి ముందు ఆదివారం పని పూర్తి చేశాము. నేను కళ్లు మూసుకుంటే మావారు దూదితో తాకుతూ వచ్చారు. నేను "తెలిసింది" అన్నచోటల్లా నీలం పెన్నుతో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి గీత గీశారు. రోజూ స్నానమయ్యాక దిద్దుకుంటున్న పోయిన వారపు గీత పక్కనే ఉంది. కిందివైపు కొత్త గీత చిటికెన వేలి గోరంత లోపలికి జరిగింది. కోత పక్కన మాత్రం పాత గీత మీదే పడింది.