‘అర్థమైందా?’ అని అడిగితే ఇక్కడ ఒప్పుకోరు

“పాఠం చాలా చక్కగా చెప్పారు. ఎంతమందికి వచ్చిందో మీకెలా తెలుసు?”

మన దగ్గర ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పి, మంచి పేరు తెచ్చుకుని ఇంగ్లండు వచ్చిన మేష్టారికి మొదటి అబ్జర్వేషన్ కాగితం (వెనక కూర్చుని మన పాఠం చూసినవాళ్ళు రాసిచ్చేది) మీద ఇలాంటి వాక్యం కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్ళు ఇక్కడి టీచరు అర్హత హోదా అయిన క్యూటీఎస్‌కి నేరుగా అప్లై చేసుకోవచ్చు. అలా వచ్చిన మనవాళ్ళలో చాలామందికి తగిలే మొదటి దెబ్బ ఇదే. చెప్పడంలో వంక పెట్టరు. చెప్పాక ఏం చేశావని అడుగుతారు.

మనమేం చేస్తాం? బోర్డు మీద లెక్క పూర్తి చేసి, వెనక్కి తిరిగి, “అర్థమైందా?” అంటాం. “అయ్యింది సార్!” అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంటుంది. ఆ గొంతులో అర్థమైనవాళ్ళది పెద్ద గొంతు. కానివాళ్ళు పెదవులు కదుపుతారు. కాలేదన్న సంగతే తెలియనివాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తారు. నిజమే, ఇది మనకు తెలియనిది కాదు. కానీ అరవైమంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్, ఫిబ్రవరికల్లా సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి, ఆ మీదట రివిజన్, స్పెషల్ క్లాసులు. అందులో ఒక్కొక్కడిని పట్టుకుని అడగడం ఎవరి వల్ల అవుతుంది? వీళ్ళు ముప్ఫైమందిని పెట్టుకుని మాకు నీతులా అనిపిస్తుంది. ఇక్కడా సుఖమేమీ లేదనుకోండి. ఒప్పందంలో ఏడాదికి 195 రోజులు, 1265 గంటలని రాసి ఉంటుంది. ఇంటికి మోసుకెళ్ళే మార్కింగ్ అందులోకి రాదు.

కోపం తగ్గాక వాళ్ళ పద్ధతిని విప్పి చూస్తే అందులో పని ఉంది. ముందు ప్రశ్న అడిగే తీరు. “రవీ, ఏడు ఎనిమిదులెంత?” అంటే మిగతా ఇరవై తొమ్మిదిమంది అక్కడికక్కడే సెలవు తీసుకుంటారు. ప్రశ్న ముందు, మౌనం తర్వాత, పేరు చివర. ఆ మౌనమే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతులను గమనిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను అని తేలింది. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు విప్పారు, ‘తెలీదు’ అనేవాళ్ళు తగ్గారు. మూడు సెకన్లంటే ఏముందిలే అనుకుంటాం గానీ, తరగతి ముందు నిలబడి మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టి చూడండి, యుగంలా ఉంటుంది. మన నోరు ఊరుకోదు. జవాబు మనమే అందించేస్తాం.

ఆ తర్వాత మినీ వైట్‌బోర్డు. ఏ4 కాగితమంత బోర్డు, ఒక మార్కర్, ఒక గుడ్డ ముక్క. మన పలకే, కాకపోతే ప్లాస్టిక్‌ది. రెండో తరగతితో మనం అటక మీద పడేసిన పలకని వీళ్ళు పదహారేళ్ళ పిల్లల చేతిలో కూడా పెడతారు. చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది గానీ చెడగొట్టడానికి దారులు చాలా ఉన్నాయి. బోర్డులు పాఠం మధ్యలో పంచితే అయిదు నిమిషాలు గోవిందా. పిల్లలు లోపలికి రాకముందే బల్లల మీద ఉండాలి. పదింట్లో ఒక మార్కర్ ఎండిపోయి ఉంటుంది కాబట్టి జేబులో నాలుగు వేసుకోవాలి. రాయగానే ఎత్తనిస్తే తెలివైనవాడిది చూసి పక్కవాడు మార్చేసుకుంటాడు. అందుకే రాసి బోర్లా పెట్టించి, “మూడు, రెండు, ఒకటి, చూపించండి” అన్నప్పుడు అందరూ ఒకేసారి ఎత్తాలి. ఎత్తాక కూడా మన కళ్ళు అలవాటుగా ముందు బెంచీకే పోతాయి. చూడాల్సింది వెనక మూలలు.

బోర్డులున్నా ప్రశ్న చెత్తదైతే ఉపయోగం లేదు. దశాంశాలే తీసుకోండి. 0.4, 0.35, 0.125లో ఏది పెద్దది? అందరూ 0.4 అని రాస్తే మనం సంబరపడిపోతాం. కానీ ‘దశాంశ బిందువు తర్వాత అంకెలు ఎంత తక్కువుంటే సంఖ్య అంత పెద్దది’ అని నమ్మేవాడు కూడా 0.4 అనే రాస్తాడు. పదో వంతు వెయ్యో వంతు కంటే పెద్దది కదా అని వాడి తర్కం. తప్పు దారిలో వచ్చి సరైన జవాబు పట్టుకున్నాడు, మనకు తెలియలేదు. అదే ప్రశ్నని 0.3, 0.45, 0.125 అని మార్చండి. అర్థమైనవాడు 0.45 అంటాడు. అంకెలెక్కువుంటే పెద్దదనుకునేవాడు, బిందువు తర్వాతది నూట ఇరవై అయిదని చదువుకుని 0.125 అంటాడు. పైన చెప్పిన తర్కం వాడు 0.3 అంటాడు. మూడు జవాబులు, మూడు బుర్రలు, ఒక్క చూపులో బయటపడతాయి. వీటిని సరిదిద్దడానికి డబ్బుతో పోలిస్తే చాలనుకుంటాం, అదీ సగమే పనిచేస్తుంది. పైసలెప్పుడూ రెండంకెలే కాబట్టి మూడో స్థానం దగ్గర వాడు మళ్ళీ పడతాడు. 0.300, 0.450, 0.125 అని సున్నాలు పెట్టించడమో, సంఖ్యారేఖ మీద గుర్తు పెట్టించడమో చేయాలి.

ఎంతమందికి వస్తే ముందుకెళ్ళాలి? అమెరికా విద్యా పరిశోధకుడు బరాక్ రోజెన్‌షైన్ సూత్రాలు ఇక్కడ స్టాఫ్‌రూముల్లో అందరి నోటా ఉంటాయి. ఆయన లెక్కలో పిల్లల జవాబుల్లో సుమారు 80 శాతం సరైనవి కావాలి, మన బోర్డుల మీద చూస్తే ముప్ఫైమందిలో ఇరవై నలుగురు. అంతకు తగ్గితే ఆగి ఇంకో రకంగా చెప్పాలి. అందరూ గబగబా రాసేస్తుంటే ప్రశ్న మరీ తేలికని అర్థం.

ఇంతవరకూ వాళ్ళకు మార్కులేశాను. ఇక మన వైపు. బోర్డు వర్కులో మన పాత మేష్టార్లకు ఇక్కడ సాటి వచ్చేవాళ్ళు తక్కువ. పైన దత్తాంశం, కింద మెట్టు మెట్టుకీ ఒకే నిలువు గీతలో సమానం గుర్తు, కుడివైపు అడుగు వెడల్పున చిత్తుపని. పీరియడ్ అయ్యాక గుమ్మంలోంచి చూసినా పాఠమంతా చదువుకోవచ్చు. ఇక్కడ స్లయిడు మీద సాధన మొత్తం ఠక్కున ప్రత్యక్షమవుతుంది. ఎక్కడ ఆగి ఆలోచించాలో పిల్లవాడికి కనబడదు. ఈ సంగతి తెలిసిన టీచర్లు స్లయిడు పక్కనపెట్టి, కింద పెట్టినదాన్ని తెర మీద చూపించే విజువలైజర్ కెమెరా కింద కాగితం పెట్టి, ప్రతి మెట్టూ గట్టిగా అనుకుంటూ చేత్తో రాస్తారు.

ఎక్కాలు కూడా అంతే. 2022 నుంచి ఇక్కడ నాలుగో ఇయర్ (ఎనిమిది, తొమ్మిదేళ్ళ) పిల్లలకు దేశమంతా ఎక్కాల పరీక్ష పెడుతున్నారు: కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు, పన్నెండో ఎక్కం దాకా. మనం ఇరవయ్యో ఎక్కం దాకా సాయంత్రాలు అరిచి చదివిందాన్ని బట్టీ అని వెక్కిరించినవాళ్ళు ఇది గమనించాలి. ఏడెనిమిదులు వేళ్ళ మీద లెక్కపెట్టే పిల్లవాడికి భిన్నాల దగ్గర బుర్ర ఎక్కం మీదే ఖర్చైపోతుంది, హారాల మీదికి రాదు.

టీచరు గుర్తుండిపోవడం వేరే సంగతి. అక్కడ మన పాళ్ళు ఎక్కువేనని నా మొండి వాదన. “మీ నాన్నకి చెప్తా” అనగలిగిన మేష్టారికి ఆ నాన్న నిజంగా తెలుసు. బడికి రాకపోతే సైకిలేసుకుని ఇంటికొచ్చేవారు. ఇక్కడ తలుపు మూసి ఒక్క పిల్లవాడితో కూర్చోకూడదు, సొంత ఫోన్ నంబరు ఇవ్వకూడదు, వానలో తడుస్తున్నా కారెక్కించుకోకూడదు. పిల్లల రక్షణ కోసం పెట్టినవి, కాదనలేం. కానీ తల్లిదండ్రులతో మాట్లాడేది పేరెంట్స్ ఈవినింగ్‌లో, మనిషికి అయిదు నిమిషాల చొప్పున. ఆ కాస్తలోనే గుర్తుండేలా చేసుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. సోమాలీ, పోలిష్, బెంగాలీ పేర్లను మొదటి వారంలోనే సరిగ్గా పలకడం నేర్చుకుంటారు. ‘గుడ్’ అని వదిలేయరు. “పోయిన వారం మైనస్ మర్చిపోయావు, ఇవాళ పెట్టావు” అంటారు. వాడి తప్పు గుర్తు పెట్టుకున్న మనిషిని వాడు మర్చిపోడు.

జిల్లా పరిషత్ స్కూల్లో అరవైమందికి వైట్‌బోర్డులెక్కడివి అంటారా? వేళ్ళున్నాయి. పైన చెప్పిన మూడు దశాంశాలకూ 1, 2, 3 అని నంబర్లిచ్చి, పది సెకన్లు తల దించుకోమని, “చూపించండి” అనగానే తమ జవాబు నంబరు ఎంతో అన్ని వేళ్ళు చూపించాలి. చెయ్యి గుండెకు ఆనించి ఉండాలి, పైకెత్తితే వెనకవాడు చూసి మార్చేస్తాడు. సగం తప్పయితే పక్కవాడితో ఒక్క నిమిషం వాదించుకోమని, మళ్ళీ అదే ప్రశ్న. అప్పటికీ తప్పు చూపించినవాళ్ళ పేర్లు హాజరు పట్టీ వెనక పెన్సిల్‌తో రాసుకోవాలి. మర్నాడు మొదటి ప్రశ్న వాళ్ళకి.