కాకి లేని సినిమా

మా సినిమాకి అసలు కష్టం డబ్బు కాదు, కాకి.

నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న పోయారు. పదో రోజు కొవ్వూరు గోష్పాద రేవులో పిండం పెట్టి, అరగంట ఎండలో నిలబడ్డాం. ఒక్క కాకీ దిగలేదు. ఇక బేరాలు మొదలయ్యాయి. "అప్పుల సంగతి నేను చూసుకుంటాలేరా" అన్నారు పెదనాన్న. "పిల్ల పెళ్లి మా పూచీ, బెంగపెట్టుకోకు అన్నయ్యా" అంది అత్త. చెట్టు మీద కాకి మెడ అటూ ఇటూ తిప్పిందే గానీ కదల్లేదు. చివరికి బ్రహ్మగారు నా భుజం తట్టి, "నువ్వూ ఏదైనా చెప్పుకో బాబూ" అన్నారు. నోటికొచ్చింది అనేశాను: "నాన్నా, లెక్కల్లో పాసవుతాను."

వచ్చేసింది!

మరుసటి ఏడు టెన్త్‌లో లెక్కలకి 81 వచ్చాయి. చదువు మీద ఇష్టం కాదు. మాట తప్పితే ఆ కాకి మా పెరట్లోకి వస్తుందని భయం.

ఇరవై ఏళ్లకి అదే కథ రాసుకుని, చీటీ డబ్బులతో, ఆరుగురం కలిసి తీయడానికి దిగాం. నిర్మాతలు మాకు దొరకలేదు. "ఏడుపా, కామెడీనా?" అని అడిగేవాళ్లు. రెండూ అంటే కాఫీ ఇచ్చి పంపేవాళ్లు.

కాకి దగ్గర మాత్రం గట్టిగా ఇరుక్కున్నాం. 2001 నాటి నిబంధనల ప్రకారం సినిమాలో జంతువునో పక్షినో నటింపజేయాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి. ఆ కాగితాలు లేకపోతే సెన్సార్ దగ్గర బండి ఆగిపోతుంది. పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి, యజమాని వివరాలు కావాలి. కాకికి యజమాని ఎవరని రాయాలి? మా కెమెరామన్ "మీ నాన్నగారి పేరు రాసెయ్" అన్నాడు. నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గ్రాఫిక్స్ వాళ్లు చెప్పిన రేటుకి మా సినిమా సగం తీయొచ్చు. దాంతో కాకిని చూపించకూడదని తేల్చుకున్నాం. పిల్లాడి ముఖం, రెక్కల చప్పుడు, విస్తరాకు కదలడం, అంతే. ఆకు అంచుకి గాలం దారం కట్టి, మా అసిస్టెంటు మెట్ల కింద నీళ్లలో కూర్చుని లాగాడు. సౌండ్ అక్కడికక్కడే రికార్డు చేస్తున్నాం. టేకు కుదిరిందనుకునేసరికి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద ఏదో ఒక రైలు. పదకొండు టేకులు. ఈలోగా ఓ నిజం కాకి వచ్చి, టిఫిన్ డబ్బాలోంచి ఇడ్లీ ఎత్తుకుపోయింది. ఆ టైములో కెమెరా ఆన్‌లో లేదు.

మొదటి ఎడిట్ అమ్మకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. పిండం సీను దగ్గర ఆపమంది.

"ఆ రోజు కాకి నీ మాటకి రాలేదురా. మీ మావయ్య వెనకనుంచి గారె ముక్క విసిరాడు. ఆ రాత్రే నాకు చెప్పాడు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"లెక్కలు చదువుకుంటున్నావు కదా అని."

మావయ్యకి ఫోన్ చేశాను. కాసేపు పలకలేదు. తర్వాత దగ్గి, "వేశాన్రా, పిల్లాడివి, ఎండలో సొమ్మసిల్లిపోయేలా ఉన్నావు" అన్నాడు. "కానీ ఒకటి. ఆ గారె ముక్క దాని కాలి దగ్గరే పడింది. ముట్టుకోలేదు. తిన్నది పిండమే."

ఎడిట్ ఇంకా లాక్ చెయ్యలేదు. గారె ముక్కతో ఆ సీను మళ్లీ తీద్దామని కెమెరామన్, వద్దని అమ్మ.