కాజా దారిలో నాలాలు, షాఫ్ట్ డ్రైవ్‌లో తడి

మనాలి నుంచి హిమాచల్‌లోని స్పితి లోయలో ఉన్న కాజాకు రెండు మోటార్ సైకిళ్ళ మీద తెల్లవారుజామునే బయల్దేరాం. అటల్ సొరంగం, కోక్సర్ దాటి గ్రాంఫూ దగ్గర మలుపు తిరిగాక మంచి రోడ్డు మీద ఆశ వదులుకోవాలి. ఛత్రు, బాతల్ దాకా చంద్రా నది పక్కనే రాళ్ళ దారి. దానికి అడ్డంగా మంచు కరిగి పారే నాలాలు, అంటే వాగులు. ఎండ ముదిరేకొద్దీ నీళ్ళు పెరుగుతాయి, అందుకే పెద్ద నాలాలన్నీ పొద్దున్నే దాటేయాలని పెట్టుకున్నాం.

మావి రెండూ 1200 సీసీ బాక్సర్ ఇంజన్ (సిలిండర్లు చెరోపక్కకు ఉండేది), షాఫ్ట్ డ్రైవ్ బళ్ళు. అంటే చైన్ బదులు తిరిగే ఇనుప కడ్డీ, షాఫ్ట్, వెనక చక్రాన్ని నడుపుతుంది. చైన్ లేదు కాబట్టి చూసుకునే పనే లేదంటారు చాలామంది. నేను ఒప్పుకోను. చైన్‌కు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. షాఫ్ట్ మాత్రం వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ గొట్టం లోపల, రెండు రబ్బరు బూట్ల (మడతల తొడుగుల) మధ్య ఉంటుంది. అక్కడ తుప్పు పడితే విప్పినప్పుడే తెలుస్తుంది.

వెనక ఇరుసు నేలకు సుమారు 30 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. మోకాటి లోతు నీళ్ళంటే ఫైనల్ డ్రైవ్ (షాఫ్ట్ తిరుగుడును చక్రానికి అందించే గేర్ల పెట్టె) మొత్తం మునిగినట్టే. అసలు ప్రమాదం లోతు ఒక్కటే కాదు, వేడి కూడా. నడిచి నడిచి కాగిన ఫైనల్ డ్రైవ్‌ను మంచునీళ్ళలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బూటు అంచు సందులోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. అలా చేరిన నీళ్ళు బూటు కింది మడతలో గిన్నెలో నిలిచినట్టు నిలిచిపోతాయి. అందుకని ప్రతి పెద్ద నాలా ముందు పావుగంట ఆగాం. చెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లారాకే దిగాం. దాటాక బూటు కింది మడతను వేళ్ళతో నొక్కి చూశాం. లోపల నీళ్ళుంటే కదిలే చప్పుడు తెలుస్తుంది. బాతల్ ముందరి నాలా తర్వాత ఒక బండిలో తెలిసింది.

కుంజుం కనుమ దాటి లోసర్ మీదుగా సాయంత్రానికి కాజా చేరాం. మర్నాడు పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, ఫైనల్ డ్రైవ్ డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేశాం. రాత్రంతా కదలకుండా ఉంటే నూనె కన్నా బరువైన నీళ్ళు అడుక్కి దిగుతాయి, మొదటి చుక్కల్లోనే బయటపడతాయి. నూనె పాలు కలిపిన టీ రంగులో వచ్చినా నీళ్ళు కలిసినట్టే. రెండు బళ్ళలోనూ శుభ్రంగానే వచ్చింది. అంటే నీళ్ళు బూటులోకి చేరాయి తప్ప సీలు దాటలేదు.

ఇక నీళ్ళు చేరిన బండిని విప్పడం. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం, బ్రేక్ కాలిపర్, ఏబీఎస్ సెన్సర్ తీశాం. కాలిపర్‌ను పైపు మీద వేలాడనివ్వకూడదు, తాడుతో పైకి కట్టాలి. ఫైనల్ డ్రైవ్ కింద చెక్క దిమ్మ పెట్టి, దాన్ని తిరిగిపోకుండా పట్టి ఉంచే కడ్డీ, టార్క్ ఆర్మ్, బోల్టు తీసి, బూటు అంచు వెనక్కి మడిచి, మెల్లగా కిందికి వంచాం. రెండు చెంచాల నీళ్ళు కారాయి. షాఫ్ట్ చివర స్ప్లైన్ (పొడవునా గాళ్ళున్న) పళ్ళ మధ్య ఇటుక పొడి రంగు ధూళి. పాత గ్రీజు పోయాక పళ్ళు ఒకదానికొకటి రాసుకుంటే వచ్చేది ఇదే. వదిలేస్తే పళ్ళు సన్నబడి చివరికి జారిపోతాయి.

షాఫ్ట్ వంగినా తిరిగేలా చేసే కీలును, అంటే యూ జాయింట్‌ను, చేత్తో అన్ని వైపులా తిప్పి చూడాలి. ఎక్కడైనా గాట్లో పడ్డట్టు ఆగి కదిలితే లోపలి నీడిల్ బేరింగ్‌కు తుప్పు పట్టినట్టే. గ్రీజు పెట్టి సరిపెట్టకండి, షాఫ్ట్ మార్చాల్సిందే. మాది నున్నగా తిరిగింది.

పళ్ళను బ్రేక్ క్లీనర్, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, 60 శాతం మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న మోలీ పేస్ట్ పల్చగా రాశాం. మామూలు వీల్ బేరింగ్ గ్రీజు అక్కడ నిలవదు, తిరిగే వేగానికి చిమ్మిపోతుంది. ఎక్కువ రాసినా చిమ్మేదే. బూటు అంచుకు సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి, పెట్రోలియం గ్రీజుతో రబ్బరు ఉబ్బుతుంది. అంచు చుట్టూ గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్కచోట మడతపడినా శ్రమంతా వృథా. షాఫ్ట్ రెండు ముక్కలుగా విడివడే రకమైతే విప్పేముందే పెయింటుతో గుర్తు గీయాలి. రెండు చివరల యోక్‌లు (యూ జాయింట్‌ను పట్టుకునే చీలిన కొనలు) ఒకే తలంలో లేకపోతే బండి అదురుతుంది.

నూనె ఎలాగూ మార్చాం. మాన్యువల్ ప్రకారం దీనికి 180 మి.లీ. హైపాయిడ్ గేర్ ఆయిల్ (వంకర పళ్ళ గేర్లకు వాడే నూనె). బోల్టు అయస్కాంతానికి అంటిన బూడిదరంగు మెత్తని ముద్ద మామూలే, రేకుల్లాంటివి ఉంటే బేరింగ్ చెడుతున్నట్టు. సీలింగ్ రింగు కొత్తది వేసి, టార్క్ రెంచ్‌తో బిగించాం. మొత్తం రెండు గంటల పని.

ఇంటికి చేరాక బళ్ళు కడగడానికి ప్రెషర్ వాషర్ వాడనివ్వలేదు. నాలా చేయని పని ఆ నీటిధార బూటు అంచు దగ్గర చేస్తుంది. బకెట్, గుడ్డతోనే కడిగి, వారం తర్వాత బూటు ఇంకోసారి మడిచి చూశాం. లోపల పొడిగా ఉంది.