రెండు రగ్గుల జ్వరం

ఆదివారం, రాత్రి 10

పొద్దున్న మొహం కడుక్కుంటుంటే నీళ్ళు తగలగానే ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడే అనుమానమొచ్చింది. కాఫీ చేదుగా అనిపించేసరికి ఖాయమైపోయింది. అమ్మ మెడ కింద చెయ్యి పెట్టి చూసి, "వెచ్చబడిందిరా, పోయి పడుకో" అంది.

పదకొండింటికి చలి పట్టుకుంది. ఖమ్మంలో, ఆగస్టు ఉక్కపోతలో ఫ్యాను ఆపించి ఒక రగ్గు, చాలక దాని మీద ఇంకోటి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వేళ్ళు ఐసుముక్కలు. థర్మామీటరు చంకలో పెట్టుకుని చూస్తే 99.6. ఇంత హంగామాకీ ఇంతేనా! ఒంటిగంటకి చలి పోయింది. రగ్గులు తన్నేసి, హమ్మయ్య తగ్గిందనుకుని మళ్ళీ చూస్తే 102.4.

పద్నాలుగేళ్ళుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథలామస్ బొమ్మ కళ్ళు మూసుకుని వేస్తాను. అయినా ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాకే అసలు సంగతి ఒంటికి ఎక్కింది. చలి వేసింది జ్వరం ఎక్కుతున్నంతసేపే.

మా ఇస్త్రీపెట్టె కూడా ఇంతే. మీటని నైలాన్ నుంచి కాటన్‌కి తిప్పితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఆ వేడికి చేరాక టక్కుమని ఆరిపోతుంది. ఒంట్లో క్రిమి దూరితే తెల్లరక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్ల లాంటి రసాయనాలని రక్తంలోకి వదులుతాయి. వాటి కబురుతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే ఇంకో రసాయనం తయారై, హైపోథలామస్‌లో ఉన్న మీటని పైకి తిప్పుతుంది. ఇక 98.6 చాలదు, 102 కావాలి. అక్కడికి చేరేదాకా మెదడు లెక్కలో మనం చల్లబడిపోయినట్టే. అందుకే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే దాస్తాయి, నా వేళ్ళు చల్లబడింది దాంతోనే. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. రగ్గు అడిగింది కూడా ఆ మీటే, నేను కాదు. ఒంటిగంటకి లైటు ఆరింది, అంతే.

ఊరికే కాదు ఈ ఖర్చు. ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఒళ్ళు 10 శాతం పైనే అదనంగా శక్తిని కాలుస్తుంది. మంచం మీంచి లేవకుండానే నాకు నీరసం రాదా మరి. గిట్టుబాటు లేకపోతే ప్రకృతి ఇన్ని కోట్ల ఏళ్ళు ఈ అలవాటుని అట్టిపెట్టుకునేది కాదేమో. ఎడారి ఇగ్వానాలనే బల్లిజాతి జీవులకి సొంతంగా ఒళ్ళు వేడెక్కించుకునే శక్తి లేదు. బాక్టీరియా సోకితే వెచ్చని చోటుకి పాక్కుంటూ పోయి జ్వరం తెచ్చుకుంటాయి. 1975లో అచ్చయిన ప్రయోగంలో, అలా వెచ్చగా ఉన్నవే ఎక్కువ బతికాయి. వాటికి ఎండబండ, నాకు అమ్మ రగ్గు.

ఇంత తెలిసీ రెండింటికి పారాసెటమాల్ వేసుకున్నాను. తల పగిలిపోతుంటే ఇగ్వానా ఆదర్శాలు పనికిరావు. ఆ మాత్ర క్రిమి జోలికి పోదు, మెదడులో ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. మీట మళ్ళీ నైలాన్‌కి. మూడున్నరకి మెడ వెనక చిన్న తడి, చూస్తుండగానే బనీను, దిండు గలీబు అన్నీ ముద్ద. ఇప్పుడు మెదడు లెక్కలో ఒళ్ళు మరీ వేడి, ఆ వేడిని బయటికి తోసెయ్యాలి.

అమ్మ పొడిగుడ్డతో వీపు తుడుస్తూ, "చూశావా, రగ్గు కప్పబట్టే చెమట పట్టింది, చెమట పట్టబట్టే జ్వరం దిగింది" అంది. చెమట జ్వరం దిగుతున్నందుకు గుర్తు, నిజమే. రగ్గుకి మాత్రం అందులో భాగం లేదు. క్లాసులో అయితే బోర్డు మీద గీసి మరీ చెప్పేవాణ్ణి. ఇక్కడ వాదించే ఓపిక లేదు.

డాక్టరుగారు ఫోన్లో మూడు రోజులు చూసి, తగ్గకపోతే డెంగీ పరీక్ష చేయిద్దామన్నారు. ప్రిన్సిపాల్‌కి సెలవు మెసేజ్ పెట్టాను.

తొమ్మిదింటికి 99. అమ్మ జావ తెచ్చింది. ఉప్పు తక్కువైందన్నాను. "వేశానురా, నీ నోరే బాలేదు" అంది. రెండు రగ్గులూ మంచం కాళ్ళ దగ్గరే మడిచి పెట్టి వెళ్ళింది, రాత్రికి మళ్ళీ అడుగుతానని.