రంగంలో గోంగూర

మా కాకినాడ వైపు పెద్దవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని రంగం అనే అంటారు. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళకి అక్కడ కోరంగీలనే పేరు పడింది. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. రంగూన్‌కి ఇప్పటి పేరు యాంగోన్. 2019 జనవరిలో అక్కడ దిగేసరికి నా మనసంతా ఆ పాత రంగం మీదే ఉంది.

పొద్దున్నే మొహింగా తిన్నాను. బర్మావాళ్ళకి అది లేకపోతే తెల్లారదు. రోడ్డు పక్కన చిన్న పీట మీద కూర్చున్నాను. అమ్మే ఆవిడ సన్నటి బియ్యపు సేమ్యా చేత్తోనే గిన్నెలో వేసి, మీద ఉడికిన గుడ్డునీ, సొరకాయ బజ్జీనీ కత్తెరతో చకచకా కత్తిరించింది. తర్వాత చేపల పులుసు గరిటెతో పోసింది. నిమ్మగడ్డి వాసన ముందు తగిలింది. పులుసుకి చిక్కదనం శనగపిండిది, నోటికి మెత్తగా తగిలేవి అరటి దూట ముక్కలు. అంత కమ్మటి టిఫిన్ ఈమధ్య తినలేదు.

టీ కొట్లలో మనవి బోలెడు కనిపిస్తాయి. పరోటా పలాటా అయింది, దోశ తోషే అయింది. సమోసానయితే కత్తెరతో ముక్కలు చేసి క్యాబేజీ, ఉల్లి, పుదీనా కలిపి సలాడ్ చేసేశారు. పక్క పళ్ళెంలో చైనావాళ్ళ పొడుగాటి నూనె రొట్టె. బిర్యానీని దాన్‌బౌక్ అంటారు, పారశీకపు దమ్ పుఖ్త్ నోళ్ళలో నలిగి అలా మారింది.

మధ్యాహ్నం కూరల హోటల్లో ఒక్క కూర చెప్తే పచ్చి కూరగాయలు, ఙపి అనే చేపల ముద్దతో చేసిన పులుసు, చారు వాటంతటవే వచ్చాయి. వాటి మధ్య ముదురాకుపచ్చ వేపుడొకటి. ముద్ద నోట్లో పెట్టగానే ఆగిపోయాను. గోంగూర! చిన్‌బౌంగ్ అని చెప్పారు, చిన్ అంటే పులుపట. మనవాళ్ళు తెచ్చిందే అయ్యుంటుందని పొంగిపోయాను. కానీ అందులో ఎండురొయ్యలు, వెదురు చిగుళ్ళు ఉన్నాయి. ఆవాల్లేవు, తాలింపు లేదు. ఆ వంట వాళ్ళదే. దాన్ని మనదనడం నాకు న్యాయం అనిపించలేదు.

సాయంత్రం టీ కొట్లో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క బల్ల మీది పెద్దాయన, "ఏ ఊరు బాబూ?" అన్నారు. ఒళ్ళు ఝల్లుమంది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు తాత తమ్ముళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచి ఇండియా వెళ్ళిపోయారు, తాత మాత్రం ఉండిపోయారు.

"మా ఇంట్లో చిన్‌బౌంగ్‌కి వెల్లుల్లి తాలింపు పెడతాం" అన్నారు.

"వెదురు కూడా వేస్తారాండీ?"

ఆయన నావైపు వింతగా చూశారు. "వెయ్యకుండా ఎలా బాబూ? మీరు వెయ్యరా?"