మా మేనకోడలి అప్లికేషన్: ఒక జిరాక్స్ షాపువాడి అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ సవరణ, పింఛను, స్కాలర్‌షిప్, కులం సర్టిఫికెట్టు, ఏదైనా సరే, పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల ఫారాలు నింపుకునే బతుకుతున్నాను. అందుకే మా అక్క కూతురు ప్లస్ టూలో చేరగానే "హర్యానాలోని అశోకా యూనివర్సిటీకీ, అమెరికాలో కొన్ని కాలేజీలకీ అప్లై చేస్తాను మావయ్యా" అంటే, ఫారమే కదా, ఎంతసేపు అనుకున్నాను.

ఏడాదిన్నర పట్టింది.

మొదటి తెలివితక్కువ పని నాదే. వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ ఉందని ఎవరో చెబితే వెళ్లి పదిహేను వేలు అడ్వాన్సు కట్టొచ్చాను. 'ప్రొఫైల్ బిల్డింగ్' చేస్తామన్నారు. అదేటని అడిగితే ఒక లిస్టు చేతిలో పెట్టారు. ఆన్‌లైన్ ఒలింపియాడ్, రెండు వారాల వాలంటీరు సర్టిఫికెట్టు, డబ్బు కడితే పేరు వేసే పరిశోధనా పత్రం. పిల్ల అది చూసి "ఇందులో నేను చేసినదేటి మావయ్యా?" అంది. సర్టిఫికెట్టు ఉంటే చేసినట్టేనమ్మా అన్నాను. మా వ్యాపారంలో అదే ధర్మం మరి.

అమెరికా కాలేజీలకి కామన్ యాప్ అని ఒకే ఫారం చాలాచోట్ల చెల్లుతుంది. చదువు కాక ఇంకేం చేస్తావో అందులో పది పనుల దాకా రాయొచ్చు. ఒక్కో పనికి వివరం 150 అక్షరాలు. మాటలు కాదు, అక్షరాలు, మధ్య ఖాళీలతో సహా. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. సర్టిఫికెట్టు అప్‌లోడ్ చేసే చోటు కోసం పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. లేదు. పనుల రకాల్లో మాత్రం 'కుటుంబ బాధ్యతలు' అని ఒకటి కనిపించింది. ఇంటిపని కూడా లెక్కేనా అని ఆశ్చర్యపోయాను.

అప్పుడు నోటుబుక్కు బయటికొచ్చింది.

తొమ్మిదో తరగతి నుంచి పిల్ల సాయంత్రాలు నా షాపులో కూర్చుంటుంది. గుమ్మ, సెరంగో ఊళ్ల వైపు నుంచి సవర గిరిజనులు వస్తారు. వాళ్ల పేరు ఒడియా గుమస్తా ఒకలా రాస్తాడు, నేను ఒకలా టైపు చేస్తాను. ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుంది. అందుకని ఒకే ఇంటిపేరు రేషన్ కార్డులో గమాంగో, బ్యాంకు పుస్తకంలో గొమాంగో, ఆధార్‌లో గమాంగ్. పేర్లు కలవలేదని ఫారం తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన ప్రతి ఫారాన్నీ ఈ పిల్ల పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. ఏ అక్షరం దగ్గర తప్పింది, ఎవరు రాశారు, ఎన్ని రోజులు ఆగింది, అన్నీ. నేను దాన్ని ఉద్దర పద్దు అనుకునేవాణ్ని. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో పంతులుగా ఉండగానే సవర నేర్చుకున్నారని చిన్నప్పుడు బళ్లో చెప్పేవారు. నాకు మాత్రం ఇన్నేళ్లలో పది ముక్కలు వచ్చి ఉంటే గొప్ప.

ముందు "మావయ్య షాపులో సాయం చేస్తాను" అని రాసింది. తరవాత 'సాయం' తీసేసింది. తిరిగొచ్చిన 212 ఫారాలు చూసి, ఒక పేరు నాలుగు భాషల్లో ఎలా మారుతుందో పట్టీ తయారుచేసి కౌంటరు మీద అంటించానని రాసింది. దాన్ని ఇంగ్లీషులో 147 అక్షరాలకి కుదించేసరికి రెండు రాత్రులు గడిచాయి. పది గళ్లలో ఆరే నింపింది. మిగిలినవి ఖాళీగా ఉంటే నాకు ప్రాణం ఒప్పలేదు గానీ ఊరుకున్నాను.

వ్యాసానికి హద్దు 650 మాటలు. పింఛను ఐదు నెలలు ఆగిపోయిన ఒక అవ్వ గురించి రాసింది. మొదటి రాతలో తను వెళ్లి మాట్లాడి పింఛను ఇప్పించినట్టు ఉంది. చదివి బాగుందన్నాను. మర్నాడు అదంతా కొట్టేసి వచ్చింది. ఎందుకే అంటే, "ఆ ఫారంలో పేరు తప్పు రాసింది నేనే మావయ్యా, అదొదిలేసి మిగతాది రాస్తే ఎలా?" అంది. మన తప్పు మనమే చెప్పుకుంటే సీటెవడిస్తాడని గట్టిగానే అన్నాను. వినలేదు. నోటుబుక్కు మొదలైందే ఆ తప్పు తరవాతట. నాకూ అప్పుడే తెలిసింది.

ఇక్కడి బడి, కాలేజీల నుంచి తేవాల్సిన కాగితాలు వేరే తలనొప్పి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులు కావాలి. మన దగ్గర పది వరకూ ఒక బడి, ఆ పైన వేరే కాలేజీ. తొమ్మిదో తరగతి మార్కులు పాత బడి రిజిస్టరులో ఒడియా అంకెల్లో ఉన్నాయి. హెడ్మాస్టరు గారు దుమ్ము దులిపి తీసి, "తొమ్మిదోది ఎవరికి కావాలయ్యా?" అని మూడుసార్లు అడిగారు. అది ఇంగ్లీషులో రాయించి, స్టాంపు వేయించేసరికి దసరా అయిపోయింది. ఎవరైనా అప్లై చేసేటట్టుంటే ముందు ఈ పని మొదలుపెట్టండి.

సిఫార్సు లేఖ ఇంగ్లీషు లెక్చరర్ గారు రాశారు. టైపు చేయించుకోడానికి నా షాపుకే వచ్చారు. నాలుగు లైన్లు: నడవడిక మంచిది, క్రమశిక్షణ గలది, భవిష్యత్తు బాగుండాలి. అది కాండక్ట్ సర్టిఫికెట్టు. క్లాసులో ఈ పిల్ల మీతో ఎప్పుడైనా వాదించిందా సార్ అని అడిగాను. ఆయన నవ్వి కుర్చీ లాక్కుని గంటసేపు చెప్పారు. అదే రాశారు. తన గురించి రాసిన సిఫార్సు లేఖలు చూడనని పిల్ల ఫారంలో ఒప్పుకుంది కాబట్టి అందులో ఏముందో ఇప్పటికీ తనకి చెప్పలేదు.

డబ్బు సంగతి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్నిచోట్ల విదేశీ పిల్లలైనా సరే, డబ్బు సాయం అడిగారని సీటు లెక్క మారదు. చాలాచోట్ల మారుతుంది. అశోకాలో ఫీజు రాయితీ ఇంటి ఆదాయం చూసి ఇస్తారు. మా బావ సూరత్‌లో మరమగ్గం మీద పనిచేస్తాడు, జీతం చేతికే. అక్క బట్టలు కుడుతుంది. తహసీల్దారు ఆదాయం సర్టిఫికెట్టు, బ్యాంకు పుస్తకం, కుట్టుపని లెక్క రాసిన కేలండరు కాగితాలు స్కాన్ చేసి పెట్టాం. అది మాత్రం నా విద్యే.

అమెరికా నుంచి నాలుగు తిరస్కారాలు, ఒక వెయిటింగ్ లిస్టు. అశోకాలో ఇంటర్వ్యూ అయింది, సీటొచ్చింది, ఫీజు చాలామటుకు తగ్గింది. పోయిన ఆగస్టులో సోనీపత్‌లోని ఆ యూనివర్సిటీలో దింపి వచ్చాను.

తరవాత వారం వైజాగ్ కన్సల్టెన్సీ నుంచి ఫోన్. "కంగ్రాట్స్ అండీ, మీ అమ్మాయి ఫొటో మా ఫ్లెక్సీ మీద వేసుకోవచ్చా?" అన్నారు. నా పదిహేను వేలు పంపండి, ఫొటో నేనే కలర్ ప్రింటు తీసి ఇస్తానన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.